మార్తగారు రాసిన అర పేజీ

ఫార్మలిన్ సీసా మూత తీయగానే ఆ ఘాటు ముందు కళ్లను మండిస్తుంది, ఆ తరువాత గొంతులోకి దిగుతుంది. ఇన్నేళ్లుగా ప్రయోగశాలలో పనిచేస్తున్నా నాకది అలవాటు కాలేదు. ఈ ఉదయం కూడా కళ్లు తుడుచుకుంటూ డాక్టర్ మార్తగారిని తలచుకున్నాను. జబ్బుపడిన మెదడు కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించి, రోగం ఎక్కడ మొదలైందో తేల్చడం ఆమె వృత్తి. టెక్కలిలో పుట్టి విశాఖపట్నంలో ప్రొఫెసర్ అయ్యారు. ఒక అరుదైన మెదడు వ్యాధిపై ఆమె రాసిన వ్యాసాన్ని ఎన్నో దేశాల పరిశోధకులు ఉదహరించేవారు. వ్యాసం ప్రతి పంపమని కోరుతూ వాళ్లు రాసిన కార్డులను ఆమె ఒక చెప్పుల పెట్టెలో దాచుకునేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆమె మా డిగ్రీ కళాశాలకు అతిథిగా వచ్చారు. చర్చా పోటీల్లో గెలిచిన కప్పులు నాకప్పుడు తలకెక్కి ఉన్నాయి. సభ చివర లేచి, "మీ వ్యాసాన్ని ప్రపంచం చదివింది. ఆ మెదళ్లను ఇచ్చిన కుటుంబాలకు అందులో ఒక్క వాక్యమైనా తెలుసా?" అని అడిగాను. ప్రిన్సిపాల్ గుడ్లురిమారు. మార్తగారు మైకు పక్కకు జరిపి, "బాగానే నిలదీసినావు పిల్లా. సెలవులకి నాతో రా, నువ్వే సూద్దువు" అన్నారు.

వేసవిలో వెళ్లాను. పరిశోధనకు ఆధారమైన ప్రతి రోగి ఇంటికీ వెళ్లి, ఆ మనిషికి ఏం జరిగిందో ఇంటివారికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం ఆమె నియమమని అప్పుడు తెలిసింది. ఇక ఉద్దానంలో, సముద్రం ఒడ్డున, ఒకే ఊరిలో రెండిళ్లు మిగిలాయి. మొదట, ఆ జబ్బుతో పోయిన రూతమ్మ ఇంటికి వెళ్లాం. జీడితోట నుంచి అప్పుడే వచ్చిన ఆమె కూతురు మాకు కొబ్బరి బొండాలు కొట్టి ఇచ్చింది. మార్తగారు తన పిడికిలినే మెదడుగా చూపిస్తూ వివరించారు. అంతా విని, "అయితే మాయమ్మకి దెయ్యం పట్టనేదన్నమాట" అంటూ కూతురు కొంగుతో కళ్లొత్తుకుంది.

"నేదమ్మా, జబ్బే" అని లేవబోతూ మార్తగారు అడిగారు: "ఇదే ఊర్లో సూరమ్మని ఇంకొకావిడ ఉండాల. ఆళ్లిల్లెటు?"

ఆ కన్నీళ్లతోనే కూతురు నవ్వేసింది. "ఆ ఇంట్లోనే కూకున్నారు గదా డాక్టరమ్మా! సూరమ్మన్నా మాయమ్మే, రూతన్నా మాయమ్మే. బాప్తిస్మంలో రూతని పెట్టినారు. మొదటిపాలి ఆపరేసనుకి మాయయ్య తీసుకెల్లి సూరమ్మని రాయించినాడు. రెండోపాలి నాను తీసుకెల్లి రూతని రాయించినాను, ఆ పాలే పోయింది."

శస్త్రచికిత్సలో తీసిన చిన్న ముక్క ఒక పేరుతో, మరణానంతరం ఇచ్చిన మెదడు మరో పేరుతో ప్రయోగశాలకు చేరాయి. మార్తగారి వ్యాసంలో ఒక మనిషి ఇద్దరు రోగులైంది. వేళ్ల మీద లెక్కించదగినంత మందే ఉన్న ఆ జబ్బులో ఒక్కరు తగ్గినా నిర్ధారణ సడలుతుంది. తిరుగు బస్సులో ఆమె తనను తానే తిట్టుకున్నారు. "సర్టిఫికెట్లో నాను మార్తని. మాయమ్మ సచ్చిపోయేదాకా పైడమ్మనే పిల్సింది. ఈ సంగతి అందరికన్నా ముందు నాకు తట్టాల గదా!"

అప్పుడే ఆ వ్యాసానికి ఒక జాతీయ పురస్కారం పరిశీలనలో ఉంది. సూత్రాలు వల్లించే నేనే, ఫలితం వచ్చేదాకా ఈ తప్పు బయటపెట్టకుండా ఆగమన్నాను. అది ఆలస్యమే తప్ప అబద్ధం కాదని వాదించాను. మాట మనసులోంచి వస్తే ఆమెకు ప్రొఫెసర్ భాష ఊడిపోయేది. "మీ పోటీల్లో ఏ పక్కనైనా నిలబడి వాదించొచ్చు పిల్లా. ఒక మనిసిని ఇద్దరని రాసినాను. ఇందులో రెండో పక్క ఏటుంది?"

 ఆ వారమే ఆమె పత్రికకు ఉత్తరం రాశారు. అర పేజీ సవరణ అచ్చయింది. వ్యాసంలో "నిరూపించాయి" అని ఉన్నచోట "సూచిస్తున్నాయి" అని దిద్దారు. పొరపాటు తనదేనని, దాన్ని పట్టుకున్నది రోగి కూతురని రాశారు. పురస్కారం మరొకరికి వెళ్లింది. కూర్చున్న కొమ్మనే నరుక్కున్నారని ఒక సహోద్యోగి వెక్కిరించాడు. కొన్నేళ్లు ఆ వ్యాసాన్ని తలచినవారు తక్కువే. తరువాత మెల్లగా, వ్యాసాన్నీ సవరణనూ కలిపి ఉదహరించడం మొదలైంది. ఆ అర పేజీ చదివాక తమ రోగుల జాబితాను మళ్లీ సరిచూసుకున్నామని ఒక విదేశీ బృందం ఆమెకు రాసింది. ఆ ఉత్తరాన్ని ఆమె నాకు రెండుసార్లు చదివి వినిపించారు.

ఇప్పుడు నా దగ్గర నమోదయ్యే ప్రతి రోగినీ ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగి రాసుకుంటాను. మార్తగారి ముఖ్యమైన రచన ఏదని విద్యార్థులు అడిగితే ముందు ఆ సవరణను చేతికిస్తాను. ఆమెను ఎంతమంది ఉదహరించారన్న లెక్క, అది చదివి వచ్చినవారికే చెబుతాను.