వీపు తిప్పి కూర్చున్న ఆదివారాలు

నిన్న మా ఆఫీసు పక్క గ్రౌండులో ఆటల పోటీలకు సున్నం గీతలు వేస్తున్నారు. కిటికీలోంచి ఆ ఘాటు వాసన తగలగానే చేతిలోని ఫైలు పక్కన పెట్టేశాను. ఆత్రేయపురం దగ్గర మా ఊరి హైస్కూలు గ్రౌండు, అందులో తెల్లజుట్టు బిగించి ముడివేసుకున్న కరుణమ్మ టీచరుగారు కళ్ల ముందు నిలిచారు.

ఆవిడ రిటైరైన డ్రిల్లు టీచరు. ఆదివారం ప్రార్థన ముగియగానే చర్చి నుంచి నేరుగా వచ్చి, కొంగు నడుముకు దోపి, ఆడపిల్లలకు ఖోఖో నేర్పేవారు. నాకు అప్పుడే ఇరిగేషన్ శాఖలో ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. కాలేజీలో ఖోఖో ఆడినదాన్ని కాబట్టి, పిల్లలకు తోడుగా ఉంటానని నా అంతట నేనే వెళ్లాను.

మొదటి ఏడాదంతా గీత పక్కన నిలబడి గొంతు పోయేలా అరిచాను. ఎటు తిరగాలో, ఎప్పుడు లేవాలో అన్నీ నేనే చెప్పాను. మండల పోటీల్లో మొదటి ఆటే ఓడిపోయాం. హెడ్మాస్టరుగారు మండిపడుతుంటే పిల్లలు తలలు దించుకున్నారు. టీచరుగారు వాళ్లకు అడ్డంగా వచ్చి నిలబడ్డారు.

"నేర్పింది నేనండి. అనేదేదో నన్ననండి."

ఆయన కాస్త తగ్గారు గానీ, వచ్చే ఏడూ ఇలాగే అయితే ఆదివారాలు గ్రౌండు క్రికెట్ జట్టుకిచ్చేస్తానన్నారు. అరిచింది నేను. ఆ మాట చెప్పే ధైర్యం నాకు రాలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఆవిడ ఒక కుర్చీ తెచ్చి గోడవైపు తిప్పి వేశారు.

"కూర్చో సుజాతా. వెనక్కి తిరగకు."

"మరి పిల్లలకెవరు చెప్తారండి?"

"నువ్వు అరుస్తున్నంతసేపూ వాళ్లు నీ మొహమే చూస్తున్నారమ్మా. ఎదురుగా పరిగెత్తేవాళ్లని ఎప్పుడు చూస్తారు?"

తలకొట్టేసినట్టయింది. అయినా కూర్చున్నాను. మొదటి వారం అడుగుల చప్పుడు తప్ప మాట లేదు. రెండో వారం దుర్గ గొంతు వినిపించింది. నా ముందు ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. నెల తిరిగేసరికి అందరి గొంతులూ లేచాయి. పోట్లాడుకున్నారు, సర్దుకున్నారు, నవ్వుకున్నారు. ఎవరు ఎప్పుడు అలసిపోతున్నారో చూడకుండానే తెలిసేది. దుర్గను కెప్టెన్ చేద్దామని నేనే అడిగాను.

"ఆ మాట నీ నోట రావాలనే చూస్తున్నాను," అన్నారు టీచరుగారు.

ఆ ఏడు ఫైనల్ దాకా వెళ్లాం. చివరి విడత మా పిల్లలు ముగ్గురు ముగ్గురుగా దిగి, ఎదుటివాళ్లకు చిక్కకుండా తప్పించుకోవాలి. దుర్గ మొదటి ముగ్గురిలో రత్నను పంపింది. జట్టులో అందరికంటే మెల్లగా పరిగెత్తే పిల్ల. నేను చటుక్కున లేచాను. టీచరుగారు నా చెయ్యి పట్టుకున్నారు. నోరు మూసుకుని కూర్చున్నాను.

రత్న పరిగెత్తలేదు. కూర్చున్న పిల్లల మధ్య నుంచి పాములా మెలికలు తిరిగింది. తరిమేవాళ్లు చెయ్యి చాపినచోట ఉండేది కాదు. వాళ్లు ఆయాసంతో ఒంగిపోయాకే అవుటైంది. మా మిగతా పిల్లలను పట్టుకునే ఓపిక వాళ్లకు లేదు. ఈల మోగేసరికి కప్పు మాది.

"అది మెల్లగా పోద్ది గానీ దొరకదక్కా. వారం వారం తరిమే మాకు తెలీదా ఏంటి?" అంది దుర్గ రొప్పుతూ.

ఫోటో తీస్తామంటే అందరం టీచరుగారిని వెతికాం. ఆవిడ వెనక వరుసలో, రత్న భుజం చాటున నిలబడి ఉన్నారు. హెడ్మాస్టరుగారు ముందుకు రమ్మంటే, "ఆడింది వాళ్లండి," అన్నారు. గ్రౌండు మళ్లీ ఎవరూ అడగలేదు.

టీచరుగారు పోయి రెండేళ్లయింది. మొన్న వానలకు కాలువకు గండి పడినప్పుడు, ఎక్కడ అడ్డుకట్ట వేయాలో కాలువ కాపలా చూసే మా లస్కరు సత్యంగారు చెప్పారు. ఆ కాలువ గట్టు మీదే ఆయన ఉద్యోగమంతా గడిచింది. నా లెక్క వేరుగా ఉన్నా, ఆయన చెప్పినచోటే బస్తాలు వేయించాను. సాయంత్రానికి నీరు ఆగింది, వరిచేలు నిలిచాయి. పెద్ద ఇంజనీరుగారు వచ్చి చూసి, "ఎవరి ఆలోచనమ్మా ఇది? తేడా వస్తే ఏం చేసేదానివి?" అని అడిగారు.

"ఆలోచన ఈయనదండి. తేడా వచ్చుంటే అది నాది," అన్నాను. సత్యంగారిని ముందుకు పంపి, నేను వెనక నిలబడ్డాను.