లీవు లెటర్లో కారణం

ఎనభైల్లో మెదడువాపు జ్వరం తగ్గుముఖం పట్టాక, రామకుప్పం దగ్గర నేను పనిచేసే బడి మళ్లీ తెరిచారు. మూడో తరగతిలో ఇద్దరు పిల్లలు పోయారు. హాజరు పిలుస్తూ వాళ్ల పేర్ల దగ్గరికి రాగానే ఆ తరగతి టీచరమ్మ ఏడ్చేసింది. తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు, "ఏడవాలంటే లీవు పెట్టి ఇంట్లో ఏడవండి" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. మరునాడు ఆమెతో కలిపి నలుగురు టీచర్లమూ కుప్పం ఆఫీసుకు పోయి ఇన్‌స్పెక్టరు బల్ల మీద లీవు లెటర్లు పెట్టాం. నాలుగింటిలోనూ కారణం ఒకటే: ఏడవడానికి.

"అందరూ రాసేటట్టు జ్వరమని మార్చి రాయండి" అన్నాడు.

"యాల మార్చల్ల సార్? మీరు చెప్పిందే గదా రాసినాము" అన్నాను.

ఆయనకు సంతకం పెట్టక తప్పలేదు. నా సర్వీసు మొత్తంలో నిజం రాసిన లీవు లెటర్ అదొక్కటే.