రిబ్కమ్మ బంగారు గూళ్లు

ఆగిరిపల్లి చుట్టుపక్కల మామిడి తోటల్లో సలోమోను మందు కొట్టాడంటే ఇక ఆకు మీద పురుగు మిగలదు. వీపున స్ప్రేయరు, ముక్కుకు తువ్వాలు, ముప్పై ఏళ్లుగా అదే ఆయన వాలకం. అంత నిక్కచ్చి మనిషికి ఈ ఏడు ఆ నిక్కచ్చితనమే అడ్డం తిరిగింది.

మామిడాకులు తినే ఒక రకం గొంగళిపురుగు బంగారు రంగు దారంతో గూడు అల్లుకుంటుంది. వలలా ఉంటుంది, ఎండ పడితే మెరుస్తుంది. లోపలి పురుగులు రెక్కల చిమ్మటలై ఎగిరిపోయాక ఆ గూళ్లు ఏరి, దండ గుచ్చి, ఏటా నవంబరు రెండున సమాధుల పండుగకి బిడ్డ సమాధి మీద వేసేది ఆయన భార్య రిబ్కమ్మ. వాళ్ల బిడ్డ పదకొండు రోజులే బతికింది. "ఖాళీవే ఏరాలయ్యా. ఖాళీగా ఉందంటే లోపలున్నది లేచి వెళ్లినట్టేగా," అనేది. ఆ గూళ్ల కోసమే ఏటా తోట గట్టు మీది మామిడి చెట్టుకి అడ్డంగా నిలబడి మందు కొట్టనిచ్చేది కాదు. ఆయన గొణుక్కుంటూనే వదిలేసేవాడు.

మొన్న వేసవిలో రిబ్కమ్మ పోయింది. బిడ్డ పక్కనే పెట్టారు. సెప్టెంబరులో సలోమోను మనసెక్కడో పెట్టుకుని గట్టు మీది చెట్టుని కూడా తడిపేశాడు. అడ్డం నిలబడే మనిషి లేదు మరి. ట్యాంకు ఖాళీ అయ్యాక గుర్తొచ్చి, అక్కడే చతికిలబడి ఏడ్చాడు.

తర్వాత మైలవరం దారి దాకా తోటలన్నీ తిరిగాడు. ఎక్కడ చూసినా తాను మందు కొట్టిన చెట్లే. పండుగ ముందురోజు, ఎవరూ పట్టించుకోని ఒక ముసలి చిన్నరసం మామిడి చెట్టుకి ఒకే ఒక్క గూడు కనిపించింది. మెల్లగా కదిపి చూస్తే లోపల బరువుంది. ఖాళీది కాదు. వదిలి రాలేడు, ఆవిడ మాట దాటలేడు. కొమ్మతో సహా విరిచి తెచ్చుకున్నాడు.

మర్నాడు సాయంత్రానికి సమాధులన్నీ సున్నం వేయించుకుని, బంతిపూలు కప్పుకుని, కొవ్వొత్తుల వెలుగులో మెల్లగా ఊగుతున్నట్టున్నాయి. సలోమోను తల్లీబిడ్డలకి చెరొక కొవ్వొత్తి వెలిగించి, మధ్యలో కొమ్మ గుచ్చి కూర్చున్నాడు. అందరూ పాట అందుకున్నారు. ఆ పాటలోనే గూడు కదిలింది. తడి రెక్కలు ఈడ్చుకుంటూ చిమ్మట బయటికొచ్చింది. ఇటుక రంగు రెక్కలు, వాటిలో వెలుతురు దూరే బుల్లి బుల్లి కిటికీలు. రెక్కలు ఆరేకొద్దీ అది మంట వైపు జరగసాగింది.

ఆయన గబుక్కున వంగి రెండు కొవ్వొత్తులూ ఆర్పేశాడు. పక్క సమాధుల వెలుగు పడకుండా తువ్వాలు అడ్డం పట్టాడు.

రిబ్కమ్మ చెల్లెలు గ్లోరీ గాభరా పడింది. "ఏంటి బావా, అందరి దగ్గరా వెలుగుతుంటే అక్క దగ్గర చీకటి చేశావు?"

"ఒక్క నిమిషం ఉండమ్మా. లోపలున్నది బయల్దేరుతోంది."

చిమ్మట లేచింది. ఆయన తల చుట్టూ ఒకసారి తిరిగి, గోడ దాటి మామిడి చెట్లలోకి వెళ్లిపోయింది. సలోమోను ఖాళీ గూడు తుంచి రిబ్కమ్మ సమాధి మీద పెట్టాడు. కాసేపు చూసి, మళ్లీ తీసి బిడ్డ మీద పెట్టాడు. ఆవిడైనా అదే చేసేది.

"నీకు వచ్చే ఏడు తెస్తానే," అన్నాడు. "గట్టు మీది చెట్టు ముట్టుకోను."