పాఠంలో లేని కోపం

రామదాసు సారుకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పెనుకొండ దగ్గరి ఆ హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేరిన నాటి నుంచీ, ఇంట్లో పాలల్లో నీళ్లనూ, బడిలో పిల్లల వ్యాసాల్లో గైడునూ వెతకడమే ఆయన పని. ఒక్క వాక్యం చూస్తే చాలు, అది ఏ గైడులోదో చెప్పేసేవాడు.

1981 అర్ధసంవత్సర పరీక్షల్లో తొమ్మిదో తరగతికి ఒక ప్రశ్న ఇచ్చాడు. పాఠంలో ఒక ముసలమ్మ, ఇంట్లో మిగిలిన ఆఖరి చెంబు నీళ్లను బాటసారికి పోస్తుంది. ఆమె గుణం వివరించాలి. తరగతంతా దయ, త్యాగం అని దంచేసింది. ఓబులమ్మ ఒక్కతే వేరేగా రాసింది: 'ఆమె దయతో పోయలేదు, భయంతో పోసింది. పోస్తున్నంతసేపూ అతన్ని లోలోపల తిట్టుకుంటూనే ఉంది.'

సారుకు ఒళ్లు మండింది. ఈ పిల్లకు ఇంత తెలివి ఎక్కడిది? గైడులన్నీ తిరగేసినా ఆ మాట దొరకలేదు. దాంతో అనుమానం కొత్తగా వచ్చిన సోషల్ సారు మద్దిలేటి మీదికి పోయింది. తన పాఠాన్ని వెక్కిరించడానికి ఆయనే చెప్పి రాయించి ఉంటాడు. సున్నా వేద్దామని ఎర్ర పెన్సిలు తీశాడు. సున్నా పడితే ఓబులమ్మ తెలుగు తప్పుతుంది. తప్పితే బడి మానిపించి శనక్కాయ కూలికి పంపుతామని ఇంట్లోవాళ్లు ముందే చెప్పారు. అది సారుకూ తెలుసు. అయినా దొంగతనం దొంగతనమే కదా అనుకుని, పిల్లను పిలిపించాడు.

"ఎవురు చెప్పినారే నీకు? మద్దిలేటి సారేనా?"

"ఎవురూ చెప్పలేదు సార్. నేనే చూసినా."

"యాడ చూసినావు? ముసలమ్మ పాఠంలో ఉండాది, మీ వీధిలో కాదు."

ఓబులమ్మ తల వంచుకుంది. "జనాభా లెక్కలకు వచ్చినాయన మాయమ్మను నీళ్లడిగినాడు సార్. ఇంట్లో ఆ చెంబెడే ఉన్నాయి. లేవంటే మా పేర్లు రాసుకోడేమోనని మాయమ్మ భయపడింది. నవ్వుకుంటానే ఇచ్చింది. ఆయన పోయినంక చానా తిట్టింది."

లెక్కలకు ఆ వీధి తిరిగింది రామదాసు సారే. నీళ్లు గటగటా తాగి, 'నీది చల్లని చెయ్యమ్మా' అని దీవించి మరీ వచ్చాడు. ఊళ్లో అందరినీ అనుమానించినవాడు ఆ చెంబును మాత్రం అనుమానించలేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ఆయన ఎవురో తెలుసా నీకు?"

"తెలుసు సార్."

"తెలిసే రాసినావా?"

"మీరడిగిందే రాసినా సార్."

పదికి తొమ్మిది వేసి, పిల్లను పంపేశాడు. ఆ సాయంత్రం ఇంటికి చేరగానే భార్య సుబ్బరత్నమ్మ ఎప్పటిలాగే నవ్వుతూ చెంబుతో మంచినీళ్లు అందించింది. ఆయన తాగకుండా ఆమె మొహంలోకే చాలాసేపు చూశాడు.