గంట ఆపని కంప్యూటర్లు

కాట్పాడిలో కంప్యూటర్ చదువు ముగించుకుని వచ్చిన ఆ రోజుల్లో, ఎవరో చేసిపెట్టినదాన్ని వాడుకోవడమంటే నాకు మహా నామోషీ. గుడియాత్తం బజారులో మా మామది లుంగీల అంగడి. కింద అంగడి, మిద్దె మీద సరుకు గది. పైన అధికారమంతా అత్తది. మామ మెట్ల దగ్గర నిలబడి "నీలం గళ్లది ఉండాదా?" అని అరిస్తే, అత్త పైనుంచి "యాడుండాది, నిన్ననే అయిపోయినాది!" అని అంతకంటే గట్టిగా అరిచేది. రెండుచోట్లా ఉన్న పాత కంప్యూటర్లను వైరుతో కలిపి, అవి మాట్లాడుకునే పద్ధతి నేనే తయారుచేస్తానన్నాను. (ఫోన్‌లో మెసేజి పెట్టుకోవచ్చు కదా అని ఎవరూ అడగలేదు. అడిగినా నేను వినేదాన్ని కాదు.)

రెండు యంత్రాల్లో ముందు ఎవరు పలకరించాలి? మాట ముగిసిందని ఎలా తెలుస్తుంది? అవతల విన్నారో లేదో? అన్నం ముందు కూర్చున్నా ఇవే ప్రశ్నలు. చివరికి నియమాలు పెట్టాను: మాట చివర చుక్క ఉండాలి, మాట వస్తే గంట మోగాలి, ఏ మాట అందినా కంప్యూటరే "అందింది" అని జవాబివ్వాలి. ముందు పై కంప్యూటరుకు మాత్రమే అలా జవాబివ్వడం నేర్పితే చక్కగా పనిచేసింది. మర్నాడు ఉదయం కిందదానికీ నేర్పాను.

అదే పూట వేలూరు నుంచి ఒక పెద్ద వ్యాపారి నీలం గళ్ల లుంగీల కోసం వచ్చాడు. "చూడన్నా, ఇంక అరిచే పనే లేదు. మా మేనకోడలు చేసింది," అంటూ మామ టైపు చేశాడు. పైన గంట మోగింది. పైది "అందింది" అంది. కింద గంట మోగింది. అదీ మాటే కదా, కిందది కూడా "అందింది" అంది. మళ్లీ పైన, మళ్లీ కింద! ఆ మర్యాదల మధ్య అత్త జవాబుకు చోటే దొరకలేదు.

"ఏమ్మా, కింద పూజ జరగతా ఉండాదా?" అని అత్త అరిచింది.

"నాకు బస్సు పోతాదప్పా," అని వ్యాపారి లేచాడు. మామ వైరు పీకి, మెట్ల దగ్గరికి పరుగెత్తి, "నీలం గళ్లది ఉండాదా?" అని అరిచాడు. సరుకు ఉంది. వ్యాపారి నవ్వుతూ మూట కట్టించుకున్నాడు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు.

సాయంత్రం అత్త తన చెల్లెలితో ఫోన్‌లో "సరే, పెట్టేస్తా... సరే... ఆఁ, సరే" అంటూ, అవతల చెల్లెలన్న చివరి "సరే"కి జవాబు చెప్పకుండానే పెట్టేసింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. "అందింది" అన్నదానికి జవాబివ్వకూడదని ఒక్క నియమం చేర్చగానే గంటలు బుద్ధిగా మోగాయి. మామ మాత్రం టైపు చేశాక, అలవాటుకొద్దీ అరిచేవాడు కూడా.

ఇప్పుడు వేలూరులో ఉద్యోగం. ఎవరో చేసిపెట్టినవే వాడుతున్నాను. హాయిగా పనిచేస్తాయి, ఎలా అని అడగను. అన్నం చల్లారిపోతున్నా ఆలోచిస్తూ కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. కాస్త అసూయగానూ ఉంటుంది.