మురుగునీటిలో దొరికిన ఫేజ్

రొయ్యల చెరువులో నీటికి గాలి పట్టించే ఏరియేటర్ రెక్క తగిలి అన్నయ్య కాలికి గాటు పడింది. చిన్న గాయమే అనుకున్నాం. భీమవరం నుంచి రాజమండ్రి ఆస్పత్రికి తెచ్చేసరికి మోకాలి దాకా వాచిపోయింది. ఏ యాంటీబయాటిక్కూ పనిచేయడం లేదని డాక్టరు చెబితే తల ఊపాను. నేను రాజమండ్రిలోనే డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. బ్యాక్టీరియాకు పట్టే వైరస్‌లను ఫేజ్‌లంటారు. వాటిని సేకరించడమే నా పరిశోధన.

ఆస్పత్రి వరండాలో వదిన నా చెయ్యి పట్టుకుంది.

"క్రిముల్ని చంపే వైరస్‌లు మీ ల్యాబులో ఉన్నాయన్నావు కదా. అవి ఎక్కించమని చెప్పలేవా?"

"ఒక్కోటి ఒక్కో రకం బ్యాక్టీరియాకే పడుతుంది వదినా. సరిపోయేది దొరకాలి. దొరికినా ఇక్కడ మామూలుగా వాడే మందు కాదది."

"చూడు. చూస్తే ఏం పోయింది?"

డాక్టరుగారిని అడిగి గాయంలోని బ్యాక్టీరియాను తెచ్చుకున్నాను. దాన్ని ల్యాబులో గాజు ప్లేటు నిండా పరిచి, నా దగ్గరున్న ఫేజ్‌లను ఒక్కో చుక్క వేశాను. పట్టిసీమ దగ్గర గోదావరివి, నిడదవోలు కాలువవి, అన్నయ్య చెరువువి, రాజమండ్రి మురుగుకాలువవి. తెల్లారేసరికి అన్నయ్య పోయాడు.

పెద్దకర్మ అయ్యాక కాలేజీకి వెళ్లాను. తోటి లెక్చరరు ఆ ప్లేటును ఫ్రిజ్‌లో దాచి ఉంచారు.

"పారెయ్యబుద్ధి కాలేదండి," అన్నారు.

ప్లేటంతా మసగ్గా బ్యాక్టీరియా పొర. మురుగునీటి ఫేజ్ పడ్డచోట మాత్రం బ్యాక్టీరియా చచ్చి తేటగా ఉంది. ఏడుపు రాలేదు. ప్లేటు మూత పెట్టి చేతులు కడుక్కున్నాను.

ఆ ఫేజ్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటోకి, జన్యుపరీక్షకి పంపాను. ఫొటోలో పొట్టి తోక కనిపించింది. నేను చదువుకున్న రోజుల్లో తోకను బట్టే కుటుంబం చెప్పేసేవాళ్లం. ముడుచుకునే తోకవి ఒకటి, పొడుగ్గా వంగే తోకవి ఒకటి, పొట్టి తోకవి ఒకటి. ఇప్పుడు ఆ మూడు కుటుంబాలనూ తీసేశారు. తోకలు ఒకేలా ఉన్నా జన్యువుల్లో చుట్టరికం లేనివి చాలా ఉన్నాయని తేలింది. ఈ ఫేజ్ తెలిసిన ఏ కుటుంబంలోనూ ఇమడలేదు.

"మరి దీన్ని ఏమని రాయాలి మేడమ్?" ఆ ఫొటో క్లాసులో చూపిస్తే ఒకమ్మాయి అడిగింది.

"తోక ఉన్న ఫేజ్‌ల తరగతిలో వెయ్యండి. కుటుంబం ఇంకా తేలలేదని రాయండి."



ఆదివారం భీమవరం వెళ్లి వదినకు అంతా చెప్పాను. ఆవిడ అంతా విని అడిగింది.

"ఇంకెవరికైనా పనికొస్తుందా అది?"

"అదే బ్యాక్టీరియా పట్టినవాళ్లకైతే, ఎప్పటికైనా రావచ్చు వదినా."

"అయితే జాగ్రత్తగా ఉంచు," అంది. లేచి వెళ్లి ఇద్దరికీ అన్నం వడ్డించింది. తిన్నాం. ఏ కూర తిన్నానో గుర్తు లేదు.