నాలుగో కార్బన్ కాపీ

నిన్న పొద్దున రేపల్లెలో పళ్లు తోముకుంటూ ఫోన్ ఎత్తాను.
"అంకుల్, నాన్నగారు ఇక లేరండి" అంది దేవదానం కూతురు.
నోట్లో పేస్టుతోనే "ఏ నాన్నగారమ్మా?" అని అడిగాను. బుర్ర పనిచెయ్యలేదు.

దేవదానం మా కొలకలూరు వాడు. బాపట్లలో ఎకనామిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాడు.

ఏడుపు రావాలి. కోపం వస్తోంది.

సాయంత్రం వాట్సాప్ గ్రూపులో వాడి పీహెచ్‌డీ గైడ్ మెసేజ్ పెట్టారు. "నా విధేయుడైన శిష్యుడు" అట.
అది చదివాక అన్నం సహించలేదు.

ఎనభైల చివర్లో నాకు తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. వాడి థీసిస్ కొట్టింది నేనే. శనివారం శనివారం బాపట్ల నుంచి పాసింజర్‌లో వచ్చి, నా పక్కన స్టూలేసుకుని కూర్చునేవాడు.

అన్నీ రూపాయి, డాలరు గొడవలే. ఐదో చాప్టర్ మాత్రం నాకు విడమరిచి చెప్పాడు. దేశం దగ్గర డాలర్లు అడుగంటుతున్నాయి, రూపాయి విలువ తగ్గించక తప్పదు. తగ్గించినా డబ్బు చలామణీని బిగించకపోతే, వచ్చిన లాభాన్ని ధరలు మింగేస్తాయి.
"చిల్లు పూడ్చకుండా కుండలో నీళ్లు పోస్తే ఏం లాభంరా" అనేవాడు.

గైడ్ ఆ చాప్టర్ తీసెయ్యమన్నారు. అది రీసెర్చ్ కాదట, జోస్యమట.

"నువ్వు రాసింది తప్పా?" అనడిగాను.
"కాదురా. కానీ సంతకం ఆయనది" అన్నాడు.

పేజీ నంబర్లు మారాయి కదా, తిట్టుకుంటూ మిగతాదంతా మళ్లీ కొట్టాను.

తొంభై ఒకటిలో రూపాయి విలువ తగ్గించారు. వాడు రాసినట్టే.

కొన్నాళ్లకి వాడే ఒక జర్నల్ పట్టుకొచ్చాడు. అదే ఐదో చాప్టర్.
గైడ్ పేరుతో.

అందులో ఒక టేబుల్‌లో నేను ఎగుమతుల అంకెలు దిగుమతుల కింద కొట్టేశాను. జర్నల్‌లో ఆ తప్పు కూడా అచ్చయింది. దొంగిలించేవాడు ఒకసారి చదువుకోవద్దా?

పద, వెళ్లి నిలదీద్దాం అన్నాను. ప్రమోషన్ ఇంటర్వ్యూలో కూర్చునేది ఆయనేనని బతిమాలాడు.
"నేనున్నంతకాలం నోరెత్తకురా" అని ఒట్టు వేయించుకున్నాడు.

పైగా ఏటా క్రిస్మస్‌కి ఆయనింటికి కేకు పట్టుకెళ్లేవాడు. నీ మంచితనం మండిపోను.
నేను మాత్రం తక్కువ తిన్నానా? ముప్పై ఏళ్లు నోరు మూసుకున్నాను.

మా టైపు వాళ్లకి ఒక అలవాటుంది. నాలుగు కాపీలు కొడితే, మసగ్గా పడే ఆఖరిది దిద్దుబాట్ల కోసం మా దగ్గరే ఉంచుకుంటాం. ఐదో చాప్టర్ మూడు కాపీలూ దిద్దకముందే గైడ్ తీసుకున్నారు. నాలుగోది నా ట్రంకు పెట్టెలోనే ఉంది.

కింద ఫొటోలు పెట్టాను, చూడండి. ఐదో చాప్టర్, మొత్తం. ఆ టేబుల్ పక్కన ఎర్ర సిరాతో దిద్దింది దేవదానమే. ఆ చేతిరాత వాడి స్టూడెంట్లందరికీ తెలుసు.

ఒరేయ్, నువ్వున్నంతకాలం అన్నావు. నోరెత్తకుండానే ఉన్నాను.
నిన్నటితో నా ఒట్టు తీరిపోయింది.

ఇక ఎవరి సంతకం కోసమూ కాచుకోనక్కర్లేదు. ప్రభువు దగ్గర హాయిగా పడుకోరా.